'నామమాత్రపు రుసుము' అంటే ఎంత మేడం?



పోయిన సంవత్సరం నేను చేసిన ఒక పొరపాటుతో ఈ నెల వ్యాసం మొదలుపెడతాను. ఆరో తరగతి పిల్లలను నౌబత్ పహాడ్ మీదున్న బిర్లా ప్లానెటేరియానికి తీసుకెళ్లాలని అనుకున్నాం. ఇంగ్లిష్‌లో సర్క్యులర్ తయారైంది. దాన్ని తెలుగులోకి మార్చే పని నాకు వచ్చింది. అందులో 'నామినల్ ఫీ' అనే మాట ఉంది. నేను పెద్దగా ఆలోచించకుండా 'నామమాత్రపు రుసుము' అని రాసేశాను. డిక్షనరీ ప్రకారం తప్పు కాదు. పేపర్లలో కూడా అలాగే రాస్తారు. కట్టాల్సిన 300 రూపాయల సంగతి మాత్రం కాగితం అడుగున, బస్సు టైమింగుల పక్కన చిన్న అక్షరాల్లో ఉండిపోయింది.

బయలుదేరే రోజు ఉదయం పేర్లు పిలుస్తుంటే ఒక పాప పేరు జాబితాలో లేదు. డబ్బు కట్టలేదు. పాపను దిగబెట్టడానికి వచ్చిన నానమ్మ పర్సులోంచి సర్క్యులర్ తీసి, మడత విప్పి నా చేతికి ఇచ్చింది.

"నామమాత్రం అంటే పేరుకే అని గదా మేడం. పేరుకే అని మీరే రాసిండ్రు. ఇప్పుడు పైసలు కట్టలేదంటరేంది?"

నా దగ్గర జవాబు లేదు. ఆమె చదివిన తీరు తప్పు కాదు. 'నామమాత్రపు స్నేహం' అంటే స్నేహం లేదనే కదా అర్థం. మరి 'నామమాత్రపు రుసుము' అంటే రుసుము లేదని ఎందుకు అనుకోకూడదు? పైగా 300 రూపాయలు అందరికీ నామమాత్రం కాదు. అది ఎవరి లెక్కలో చిన్న మొత్తమో చెప్పకుండానే నేను మీ అందరి తరఫునా 'చిన్నదే' అని తేల్చేశాను.

ఆ రోజు సీటు సర్ది పాపను తీసుకెళ్లాం. డబ్బు మర్నాడు కట్టారు. కానీ అందరూ బస్సెక్కి కిటికీల దగ్గర సీట్లు పట్టుకుంటుంటే, ఆ పాప నీళ్ల బాటిల్ పట్టుకుని ఇరవై నిమిషాలు గేటు పక్కన నిలబడింది. అది నా ఒక్క మాట వల్ల జరిగింది.

అప్పటి నుంచి డబ్బు గురించిన ఇంగ్లిష్ మాట ఎదురైతే నేను ఆగుతున్నాను. ఆగి ఆలోచించాక నాకు కలిగిన అభిప్రాయం ఇది: కాస్ట్, ప్రైస్, ఫీ, స్పెండ్, పే లాంటి మాటలను మాటకు మాట పెట్టి తెలుగులోకి తేలేం. ఎవరు, ఎవరికి, ఎంత, ఎప్పుడు ఇస్తున్నారు, చివరికి చేతిలో ఏం మిగులుతుంది అని అడిగితేనే సరైన తెలుగు మాట దొరుకుతుంది. ఆ అడగడం పిల్లలకు క్లాసులో నేను ఒక్కదాన్నే నేర్పలేను. ఇంట్లో మీరు లెక్కలు తెలుగులో మాట్లాడుకోవాలి.

షర్టు ఖర్చు చేసింది, యాపిల్ పడింది

ఈ సంగతి పరీక్షించి చూద్దామని ఏడో తరగతి పిల్లలకు కొన్ని ఇంగ్లిష్ వాక్యాలు ఇచ్చి తెలుగులో రాయమన్నాను. నిజం చెప్పాలంటే బీఈడీలో మాకు అనువాదంతో భాష నేర్పే పద్ధతి పాతది, దాని జోలికి పోవద్దు అని చెప్పారు. అయినా ఒక పీరియడ్ పోతే పోయిందని చేశాను.

'ది షర్ట్ కాస్ట్ మీ ఫైవ్ హండ్రెడ్ రుపీస్' అనే వాక్యానికి ఒకబ్బాయి రాసిన తెలుగు: 'షర్టు నాకు ఐదు వందలు ఖర్చు చేసింది.' 'ఐ స్పెంట్ మై హాలిడేస్ ఎట్ మై గ్రాండ్‌మదర్స్ హౌస్' అనే వాక్యానికి ఒకమ్మాయి 'నా సెలవులు అమ్మమ్మ ఇంట్లో ఖర్చు చేశాను' అని రాసింది. ఇంగ్లిష్‌లో డబ్బుకూ కాలానికీ ఒకటే 'స్పెండ్'. మనం డబ్బు ఖర్చు పెడతాం, కాలం గడుపుతాం.

మర్నాడు తిరగేసి తెలుగు వాక్యాలిచ్చి ఇంగ్లిష్ అడిగాను. 'యాపిల్ ఒక్కోటి ఇరవై పడింది' అంటే 'యాపిల్ ఫెల్ ట్వెంటీ రుపీస్' అన్నారు. 'నాన్న ఫీజు కట్టాడు' అంటే ఒకడు 'మై ఫాదర్ టైడ్ ది ఫీజ్' అన్నాడు. క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వాను. ఇంటికెళ్లే ఆటోలో మాత్రం ఆ తప్పులే ఆలోచిస్తూ కూర్చున్నాను. ఎందుకంటే ఆ తప్పుల వెనక మన భాష చేసే పని కనిపించింది.

ఇంగ్లిష్‌లో 'పే' ఒక్కటే. తెలుగులో ఫీజు, పన్ను, కరెంటు బిల్లు, చిట్టీ కడతాం. అవన్నీ గడువు ఉన్న డబ్బులు. అప్పు, బాకీ తీరుస్తాం. దాహం తీరినట్టు, తగాదా తీరినట్టు అప్పు తీరుతుంది. పనిమనిషికి జీతం ఇస్తాం. ఆఫీసు కాగితాల్లో చెల్లిస్తాం. ఏ మాట వాడామో చూస్తే చాలు, ఆ డబ్బు ఎలాంటిదో తెలిసిపోతుంది.

'కాస్ట్' కూడా అంతే. కూరగాయల బండి దగ్గర మనం ఎన్ని రకాలుగా మాట్లాడతామో ఈసారి గమనించండి. "టమాట ఎంత?" అంటే బోర్డు మీది రేటు. "ఎంత చెప్తుండు?" అంటే బేరానికి ముందు అడిగే రేటు. "ఎంతకిచ్చిండు?" అంటే బేరం తెగిన రేటు. "మొత్తం ఎంతైంది?" అంటే సంచి నిండాక ఇచ్చిన డబ్బు. "కిలో ఎంత పడింది?" అంటే అన్నీ కలుపుకుని మన మీద పడిన భారం. వీటిలో ఏది అడిగినా ఇంగ్లిష్ క్లాసులో పిల్లాడు నేర్చుకునేది 'హౌ మచ్ డజ్ ఇట్ కాస్ట్' ఒక్కటే.

ఇంకో సరదా సంగతి. ఇంగ్లిష్ 'కాస్ట్' లాటిన్ నుంచి వచ్చింది, దాని మూలంలో 'నిలబడటం' అనే అర్థం ఉంది. అంటే వాళ్లకు ధర ఒక అంకె దగ్గర నిలబడుతుంది. 'స్పెండ్' మూలంలో 'తూచి ఇవ్వడం' ఉంది, డబ్బును తూకం వేసి ఇచ్చిన కాలం నాటి మాట. మనకు ధర పడుతుంది, అవుతుంది, ఒక్కోసారి పలుకుతుంది. పలకడం ఏంటో తెలియాలంటే మన ఊరి లడ్డూ దగ్గరికి వెళ్లాలి.

ధర పలికింది, లడ్డూ పాడారు

బాలాపూర్ గణేశ్ లడ్డూ వేలం గురించి మీకు నేను చెప్పేదేం లేదు. 1994లో మొదటి వేలంలో లడ్డూ 450 రూపాయలు పలికింది. 2024లో 30 లక్షల 1 వెయ్యి, 2025లో 35 లక్షలు పలికింది. నిమజ్జనం రోజు పొద్దున టీవీ చానళ్లన్నీ మన ఊళ్లోనే ఉంటాయి.

మర్నాడు ఇంగ్లిష్ పేపర్లో 'లడ్డూ ఫెచెస్ థర్టీ ఫైవ్ లాక్స్' తరహా హెడ్డింగ్ ఉంటుంది. తెలుగు పేపర్లో 'రికార్డు ధర పలికిన బాలాపూర్ లడ్డూ' అని ఉంటుంది. ఇంగ్లిష్ లడ్డూ డబ్బును పట్టుకొస్తుంది, తెలుగు లడ్డూ ధరను పలుకుతుంది. వేలంలో రేటు పెంచడాన్ని మనం 'పాట పాడటం' అంటాం. "ఈసారి ఎవరు పాడిండ్రు?" అని అడుగుతాం. దీన్ని మాటకు మాట ఇంగ్లిష్ చేస్తే 'హూ సాంగ్ ది లడ్డూ' అవుతుంది.

ఈ వేలాన్ని క్లాసుకు తీసుకెళ్లాను. లడ్డూ 21 కిలోలు. 35 లక్షలను 21తో భాగిస్తే కిలో లక్షా 66 వేల రూపాయలు దాటింది. స్వీట్ షాపులో కిలో లడ్డూ కొన్ని వందలకు వస్తుంది. అప్పుడు అడిగాను: "మరి ఈ లడ్డూ ప్రైస్ ఎంత? కాస్ట్ ఎంత? వాల్యూ ఎంత?"

అప్పటిదాకా మూడూ ఒకటే అనుకుంటున్న పిల్లలు మొదటిసారి విడదీశారు. శనగపిండి, చక్కెర, నెయ్యి, చేసినవాళ్ల కూలి కలిపితే అది తయారీ ఖర్చు. పాటలో తేలింది ధర. పాడినవాళ్లు ఇంట్లో, పొలంలో చల్లుకుని, అయినవాళ్లకు పంచి, సంవత్సరమంతా మంచి జరుగుతుందని నమ్మేది విలువ. ఒకమ్మాయి ఇంకో మాట చేర్చింది: "ఆ పైసలు గుడికి, ఊరి పనులకు పోతయి గదా మేడం, అది చందా లెక్క." ధర, ఖర్చు, విలువ, చందా అనే నాలుగు మాటలు ఒక్క లడ్డూలో దొరికాయి. అన్నీ వాళ్లకు ముందే తెలిసినవే. పాఠంలోని ఇంగ్లిష్ మాటలతో వాటిని ఎవరూ జోడించలేదు, అంతే.

పిరం, అగ్గువ మాటలను దాచుకోకండి

మన పిల్లలు కొన్ని తెలుగు మాటలు బడిలో అనడానికి సిగ్గుపడుతున్నారు. 'పిరం' వాటిలో ఒకటి. "మామిడికాయలు పిరమున్నయి" అని ఇంట్లో అనే పిల్లాడు క్లాసులో 'కాస్ట్‌లీ' అంటాడు. తెలుగు పరీక్షలో కూడా 'పిరం' రాయడు, అది తప్పు అనుకుంటాడు.

తప్పు కాదు. 'పిరం' అంటే 'ప్రియం'. మనకు ప్రియమైనదీ పిరమైనదీ ఒకే మాట. ఇంగ్లిష్ 'డియర్' కూడా అచ్చం ఇలాగే ఉంటుంది. ఉత్తరంలో 'డియర్ ఫాదర్' అంటే ప్రియమైన నాన్న, సంతలో 'డియర్' అంటే పిరం. ఫ్రెంచ్ వాళ్ల 'షేర్' కూడా రెండు పనులూ చేస్తుంది. డేనిష్ వాళ్లు మాత్రం ఇష్టానికి ఒక మాట, రేటుకు ఒక మాట వేరువేరుగా పెట్టుకున్నారు. 'ఇట్ కాస్ట్ హిమ్ డియర్లీ' అనే వాక్యం వచ్చినప్పుడు నేను 'పిరం' గుర్తుచేస్తాను. క్లాసు వెంటనే అందుకుంటుంది. 'పిరం' తెలియని పిల్లలకు అదే వాక్యం చెప్పడానికి పది నిమిషాలు పడుతుంది.

'ఖరీదు' సంగతి కూడా బాగుంటుంది. మన క్లాసుల్లో ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలు ఉన్నారు. వాళ్లకు 'ఖరీద్‌నా' అంటే కొనడం. అదే మాట తెలుగులోకి వచ్చి వెల అనే అర్థంలో స్థిరపడింది. ఒక తెలుగు అబ్బాయి, పక్క బెంచీ ఉర్దూ అబ్బాయి ఈ మాట మీద వాదించుకుని చివరికి ఇద్దరిదీ కరెక్టే అని తెలుసుకున్నారు. మన ఊరి రోడ్డు మీద రెండు భాషలూ వినిపిస్తాయి. ఖర్చు, జమ, బాకీ, వసూలు, కిరాయి అన్నీ రెండువైపులా నడుస్తాయి. డబ్బు మాటల్లో మన పిల్లల దగ్గర ఉన్న సంపద ఇది.

సైకిల్ నీకు ఎంత పడింది?

ఇదంతా భాష సరదా మాత్రమే అనుకోకండి, మార్కుల సంగతి కూడా ఉంది. ఏడో తరగతి లెక్కల్లో లాభనష్టాలు వస్తాయి. 'కాస్ట్ ప్రైస్', 'సెల్లింగ్ ప్రైస్' అనే రెండు మాటల దగ్గర చాలామంది తడబడతారు. 'కాస్ట్' అంటే ఖర్చు, 'ప్రైస్' అంటే ధర, కాబట్టి 'కాస్ట్ ప్రైస్' అంటే 'ఖర్చు ధర' అని ఒకడు రాసుకున్నాడు. ఆ మాటకు అర్థం లేదు. తెలుగు మీడియం పుస్తకంలో దీన్ని 'కొన్నవెల' అంటారు, రెండోదాన్ని 'అమ్మినవెల' అంటారు. ఎవరు కొన్నారో, ఎవరు అమ్మారో మాటలోనే ఉంది.

ఒక లెక్క చూడండి. పాత సైకిల్‌ను 1000 రూపాయలకు కొని, 200 పెట్టి రిపేర్ చేయించి, 1500కు అమ్మితే లాభం ఎంత శాతం? ఇంగ్లిష్‌లో ఈ లెక్క ఇస్తే సగం క్లాసు 1500లోంచి 1000 తీసేసి, లాభం 500, అంటే 50 శాతం అని రాసింది. రిపేర్ డబ్బు మరిచిపోయారు. మా లెక్కల సార్ విసిగిపోయి స్టాఫ్ రూములో ఈ సంగతి చెప్పారు. మర్నాడు నేను ఆయన క్లాసులో ఐదు నిమిషాలు అడిగి తీసుకుని ఒకే ప్రశ్న వేశాను: "అరే, చివరికి ఆ సైకిల్ నీకు ఎంత పడింది?"

"పన్నెండు వందలు పడింది మేడం" అని నాలుగు గొంతులు ఒకేసారి అన్నాయి.

కొన్నవెలకు రిపేర్ కలిపి 1200. లాభం 300. అంటే 25 శాతం. ఎవరూ ఫార్ములా చెప్పలేదు. 'ఎంత పడింది' అనే మాటలోనే పై ఖర్చులన్నీ కలిపే లెక్క ఉంది. ఆ మాట వాళ్లు అమ్మానాన్నల దగ్గర విన్నారు. క్లాసులో దాన్ని బయటికి తీయనివ్వకపోతే, తెలిసిన లెక్కను కూడా తెలియనట్టే రాస్తారు.

'అఫర్డ్' చేయలేమా, ఇప్పుడు వద్దా?

నన్ను అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టిన మాట 'అఫర్డ్'. దీనికి తెలుగులో ఒక్క మాట లేదు. తాహతు, స్తోమత అనే మాటలు ఉన్నాయి కానీ అవి మనిషిని కొలిచే మాటలు. "మన తాహతుకు మించింది" అంటే పిల్లవాడికి మనమే తక్కువవాళ్లం అన్నట్టు వినిపిస్తుంది. అందుకే కావచ్చు, ఇప్పుడు చాలా ఇళ్లలో "అది మనం అఫర్డ్ చేయలేం నాన్నా" అని ఇంగ్లిష్ మాట వాడి తప్పించుకుంటున్నారు. పిల్లవాడికి తలుపు మూసుకుందని మాత్రమే అర్థమవుతుంది, ఎందుకు మూసుకుందో తెలియదు.

మా నాన్నది చిన్న కిరాణా దుకాణం. గల్లా పక్కన ఉద్దెర ఖాతా పుస్తకం ఉండేది. ఎనిమిదో తరగతిలో నేను సైకిల్ అడిగితే ఆయన లేదు అనలేదు, తాహతు అనలేదు. పుస్తకం తెరిచి రావాల్సిన బాకీలు చూపించాడు. "ఇవి వసూలు కావాలె, టోకు షాపుకు మనం కట్టేది కట్టాలె. చిట్టీ దసరాకు ఎత్తుతం, అప్పుడు కొందాం" అన్నాడు. దసరాకు కాదు, సంక్రాంతికి వచ్చింది సైకిల్. కానీ ఆ మూడు నెలలు మేం పేదవాళ్లమనే ఆలోచన నాకు రాలేదు. ఎదురుచూడటానికి కారణం నాకు తెలుసు.

'వి కాంట్ అఫర్డ్ ఇట్' అనే వాక్యానికి నాకు తెలిసిన మంచి అనువాదం అదే: "ఇప్పుడు కాదు, చిట్టీ ఎత్తినంక." కొన్నిటికి "చిట్టీ ఎత్తినా వద్దు, దాని బదులు ఇది చేద్దాం" అనేది సరైన అనువాదం. రెండింటిలోనూ పిల్లవాడికి ఒక లెక్క తెలుస్తుంది.

'ఫ్రీ' అనే మాటకు కూడా ఇలాగే లెక్క చెప్పాలి. 2023 డిసెంబర్ 9 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. అమ్మతో బస్సెక్కిన ప్రతి పిల్లా 'జీరో టికెట్' చూసే ఉంటుంది. "జీరో అంటే డీజిల్ కూడా ఫ్రీగా వస్తుందా?" అని అడిగితే పిల్లలు ఆలోచనలో పడ్డారు. ఆ టికెట్ డబ్బు ప్రభుత్వం ఆర్టీసీకి ఇవ్వాలి, ప్రభుత్వానికి మనం కట్టే పన్నుల్లోంచి వస్తుంది అని చివరికి వాళ్లే తేల్చారు. పథకం మంచిదా చెడ్డదా అనేది పెద్దలు మాట్లాడుకునే సంగతి. ఉచితం అంటే ఎవరూ కట్టనిది కాదు, వేరేవాళ్లు కట్టేది అని పిల్లలకు తెలిస్తే చాలు. 'ఒకటి కొంటే ఒకటి ఉచితం' బోర్డు ముందు కూడా వాళ్లు అదే ప్రశ్న వేస్తారు.

"మేం ఫీజు కట్టేది ఇంగ్లిష్ కోసమే కదా?"

పేరెంట్స్ మీటింగులో నన్ను ఒక నాన్నగారు ఈ మాట అడిగారు. న్యాయమైన ప్రశ్నే. మీరు కష్టపడి ఫీజు కడుతున్నారు, పిల్లలు ఇంగ్లిష్ ధారాళంగా మాట్లాడాలని కోరుకుంటున్నారు. నా ఉద్యోగం కూడా అదే.

నా జవాబు ఒకటే. తెలుగులో 'ధర'కూ 'విలువ'కూ తేడా తెలిసిన పిల్లకు 'ప్రైస్'కూ 'వాల్యూ'కూ తేడా ఒక్క నిమిషంలో చెప్పగలను. ఆ తేడా ఏ భాషలోనూ తెలియని పిల్లకు ఇంగ్లిష్ మాట నేర్పినా శబ్దమే మిగులుతుంది. ప్రభుత్వ బడుల్లో 2022-23లో ఇంగ్లిష్ మీడియం మొదలుపెట్టినప్పుడు పుస్తకాలు ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురు పేజీ తెలుగు వేశారు. ఆ పుస్తకాలు తీసి చూడండి. పిల్లవాడికి ఎక్కడ అడ్డుపడితే అక్కడ కళ్లు పక్క పేజీకి వెళ్తాయి. మన పిల్లలకు ఆ ఎదురు పేజీ మీ ఇల్లే.

"పిల్లల ముందు డబ్బు మాటలెందుకు, వాళ్లను చదువుకోనివ్వండి" అనేవాళ్లు కూడా ఉన్నారు. అప్పుల బరువు పిల్లల నెత్తిన పెట్టకూడదు, ఒప్పుకుంటాను. కానీ బరువు వేరు, లెక్క వేరు. మనం చెప్పకపోయినా పిల్లలు తలుపు చాటు నుంచి సగం వింటారు. సగం విన్న లెక్క మొత్తం విన్నదానికంటే ఎక్కువ భయపెడుతుంది.

మేం చేసేది, మీరు చేయగలిగేది

ముందు మా వైపు సంగతి. ప్లానెటేరియం సంఘటన తర్వాత ప్రిన్సిపాల్ సార్‌తో మాట్లాడాను. ఇప్పుడు మా బ్రాంచిలో డబ్బుకు సంబంధించిన ఏ సర్క్యులర్ అయినా తెలుగులో నాలుగు లైన్లతో మొదలవుతుంది: ఎంత కట్టాలి, ఎప్పటిలోగా కట్టాలి, కట్టడం తప్పనిసరా లేక మీ ఇష్టమా, రాలేకపోతే డబ్బు తిరిగి ఇస్తామా లేదా. 'నామమాత్రం', 'వ్యయం భరించవలెను', 'తిరిగి చెల్లించబడదు' లాంటి మాటలు తీసేశాం. 'తిరిగి ఇవ్వం' అని రాయడానికి మొదట మొహమాటపడ్డాం. కానీ అర్థం కాని మర్యాద కంటే అర్థమయ్యే మాట మేలు.

మీ వైపు నుంచి ఈ నెల నాలుగు పనులు చేసి చూడండి.

మొదటిది, వారానికి ఒకసారి పిల్లను కూరగాయలకు వెంట తీసుకెళ్లండి. వంద రూపాయలు చేతికిచ్చి లెక్క తెలుగులో చెప్పమనండి: ఎంత చెప్పారు, ఎంతకిచ్చారు, ఎంత మిగిలింది, కొసరు ఏమైనా వేశారా.

రెండోది, కరెంటు బిల్లు వచ్చినప్పుడు ఇద్దరూ కలిసి చదవండి. అందులో 'చార్జెస్' అని ఎన్నిచోట్ల ఉందో చూసి, ఒక్కోటీ దేనికి కడుతున్నామో తెలుగులో చెప్పుకోండి.

మూడోది, పిల్ల ఏదైనా అడిగినప్పుడు 'అఫర్డ్' మాట పక్కన పెట్టండి. ఇప్పుడా, తర్వాతా, అసలు వద్దా, ఎందుకు అన్నది చెప్పండి.

నాలుగోది, ఇంట్లో అవ్వ, తాత ఉంటే వాళ్ల డబ్బు మాటలు అడిగి రాయించండి. ఉద్దెర, అగ్గువ, గిట్టుబాటు, దుబారా, బోణి లాంటివి. 'గిట్టుబాటు' ఒక్కటి చాలు. పెట్టిన పెట్టుబడి వచ్చి పైన కాస్త మిగలడం అనే మొత్తం పాఠం ఆ ఒక్క మాటలో ఉంది. ఊళ్లో వ్యవసాయం చేసే తాత ఉంటే ఆయన కంటే బాగా దాన్ని నేను చెప్పలేను.

పిల్లలు రాసిన మాటలను స్కూల్ డైరీలో పంపండి. వాటితో క్లాసు గోడ మీద ఒక చార్టు పెడతాం. ఒకవైపు ఇంగ్లిష్ మాట ఉంటుంది, రెండోవైపు మీ ఇంటి మాటలు ఉంటాయి. రెండోవైపు ఎక్కువ చోటు వదులుతున్నాం.

చివరగా ఒక మాట. ఈ సంవత్సరం జూ పార్కు ట్రిప్ సర్క్యులర్ పంపినప్పుడు అదే నానమ్మ గేటు దగ్గర కనిపించింది. కాగితం చేతిలో ఉంది. "ఈసారి అర్థమైందా అమ్మా?" అని అడిగాను.

"అయింది బిడ్డా. ఎంత కట్టాలెనో ముందే రాసిండ్రు. గింతే రాస్తే చాలు గదా" అంది. డబ్బు ఆ రోజే కట్టి రసీదు తీసుకుంది.

మీ
ఇంగ్లిష్ టీచర్, బాలాపూర్ బ్రాంచి